ఒక్కరి కోసం రైలు ఆపడమెందుకని

పది గంటల పన్నెండు నిమిషాల రైలు సుర్‌విల్‌లో ఆగకుండా వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద ముగ్గురు మనుషులు గొడుగులు పట్టుకుని నిలబడి ఉండగా, వాళ్ల ముందు నుంచే, వాళ్ల బూట్ల మీద నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లిపోయింది. వంటింటి కిటికీలోంచి ఇదంతా చూస్తున్న మెంగా చేతిలో గరిటెను గిన్నెలో పడేసి, కోటు ఒక చేతికే తొడుక్కుని, మెట్లు దిగి పరుగెత్తింది. అరవై ఆరేళ్ల మోకాళ్లతో ఎంత పరుగు సాధ్యమో అంతే పరుగెత్తింది.

సుర్‌విల్ కొండ వాలున, అడిగితేనే రైలు ఆగే ఊరు. ప్లాట్‌ఫారం చివర స్తంభానికి ఒక బటన్ ఉంటుంది. నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, డ్రైవరు చూసి ఆపుతాడు. దిగాల్సినవాళ్లకి పెట్టెలోనూ అలాంటి బటనే ఉంటుంది. నొక్కకపోతే రైలు దాని దారిన అది పోతుంది. బడికి పోని పిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది.

"ఎవరూ నొక్కలేదా?" అంది మెంగా రొప్పుతూ.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలి జాకెన్ ముందు నోరు విప్పాడు. "నేనొచ్చేసరికి వీళ్లిద్దరూ ఉన్నారు గదా మెంగక్కా. నొక్కే ఉంటారనుకున్నా."

"నేనొచ్చేసరికి ఆల్బిన్ ఉన్నాడు," అంది పక్కింటి నెసా.

జున్ను కేంద్రం నడిపే ఆల్బిన్ గొడుగు కింద నుంచి ఇబ్బందిగా చూశాడు. "నేను ముందొచ్చిన మాట నిజమే. కానీ అప్పటికి రైలుకి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. అంత ముందే నొక్కితే ఏం బాగుంటుంది, తొందరపెట్టినట్టు? ఈలోగా నెసా వచ్చింది. ఆవిడ నొక్కుతుందిలే అని ఊరుకున్నా."

"లైటు వెలుగుతోందో లేదో తలెత్తి చూస్తే ఏం పోయింది మీకు?"

"అలా చూస్తే వీళ్లని నమ్మనట్టుంటుంది కదక్కా," అన్నాడు జాకెన్.

మెంగాకి ఒళ్లు మండిపోయింది. ఇంకో రోజైతే నవ్వుకునేదేమో. ఈ రోజు నవ్వు వచ్చే రోజు కాదు. ప్లాట్‌ఫారం మీదున్న చెక్క గదిలో, మడత కుర్చీ వేసుకుని, పొద్దున ఆరు నుంచీ ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు మాడ్‌లైనా. రైలు ఆఫీసు వాళ్లు పంపారు. ఈ ఒక్క మంగళవారం, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా, ఇక్కడ ఎన్ని రైళ్లు ఆగాయో రాసుకోవడం ఆమె పని. కిందికి పోయేవి పదమూడు, పైకి వచ్చేవి పదమూడు, మొత్తం ఇరవై ఆరు రైళ్లు. అందులో కనీసం ఎనిమిది ఆగాలి. ఆగకపోతే డిసెంబరు నుంచి సుర్‌విల్‌లో ఏ రైలూ ఆగదు, బటన్ ఉండదు, స్తంభం కూడా ఉండదు. ఇప్పటికి ఆగినవి రెండు. ఏడు పన్నెండుకి హైస్కూలు ఆడపిల్లలిద్దరు ఎక్కారు. తొమ్మిది నలభై ఏడుకి పశువుల డాక్టరు దిగాడు. వీళ్ల తిరుగు ప్రయాణం మాత్రం ఎవరో ఒకరి జీపులోనే.

"ఆగలేదు," అని మాడ్‌లైనా ట్యాబ్ మీద వేలితో కొట్టింది. కొట్టి, మెంగా వంక చూసి, క్షమించమన్నట్టు నవ్వింది. ఆ నవ్వు చూస్తే మెంగాకి ఇంకా మండింది.

ఊళ్లో మిగతావాళ్లకి జీపులున్నాయి, ట్రాక్టర్లున్నాయి. రైలు ఆగినా ఆగకపోయినా వాళ్లకి రోజు గడుస్తుంది. మెంగాకి గడవదు. ఆమె భర్త ఫ్లురిన్ కింది ఊరు పుంట్‌లో వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. రెండేళ్ల నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. జ్ఞాపకం ఒక రోజు ఉంటే ఇంకో రోజు ఉండదు. నర్సులు తినిపిస్తే రెండు ముద్దలు తిని మూతి బిగిస్తాడు, మెంగా తినిపిస్తే తింటాడు. అందుకని ఆమె రోజూ పన్నెండు పన్నెండు రైలుకి ఫ్లాస్కులో బార్లీ సూప్ పోసుకుని దిగుతుంది, ఐదు నలభై ఏడుకి తిరిగి వస్తుంది. రైల్లో తొమ్మిది నిమిషాలు. నడిస్తే దిగడానికి నలభై నిమిషాలు, ఎక్కడానికి గంటన్నర, అదీ మంచు లేని నెలల్లో. రైలు ఆగకపోతే ఆయన్ని చూడటం వారానికోసారి, అదీ ఎవరి జీపు కోసమో బతిమాలుకుంటే. వారానికోసారి తినే మనిషి ఎన్నాళ్లుంటాడు?

ఇదంతా ఊరికి తెలియదా అంటే తెలుసు. పోయిన వారం ఆమె పందొమ్మిది ఇళ్లకీ తిరిగి, ఎవరు ఏ రైలుకి ఎక్కాలో, ఎవరు ఏ రైలుకి దిగాలో కాగితం మీద రాసి ఇచ్చింది. అందరూ చదివి తలూపారు. అందరూ ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించుకున్నారు. తీరా ఈ రోజు చూస్తే ఆరు పన్నెండు వాళ్లకి పాలు పితికే వేళ, ఎనిమిది పన్నెండు వాళ్లకి వాన, తొమ్మిది పన్నెండుకి ఎక్కాల్సినాయన, కాగితంలో తన పేరు పెన్సిలుతో ఉంది కాబట్టి ఇంకా ఖాయం కాలేదనుకున్నాడట.

"జాకెన్, నువ్వు పదకొండు పన్నెండుకి ఎక్కు," అంది మెంగా ఒక్కో మాటా నొక్కి. "నువ్వొక్కడివే ఉంటావు. నువ్వే నొక్కాలి. ఇంకెవరూ నొక్కరు. అర్థమైందా?"

"అర్థమైందక్కా."

ఆల్బిన్ జున్ను తొట్టిలో పాలు ఆగవని వెళ్లిపోయాడు. నెసా తడిసిన చెప్పులు మార్చుకోవడానికి వెళ్లింది. మెంగా ఇంటికొచ్చి సూప్ మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

పదకొండు పన్నెండు కూడా ఆగలేదు. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంది. జాకెన్ గొడుగు వేసుకుని కిందికి పోయే రోడ్డు మీద తాపీగా నడుస్తున్నాడు. మెంగా కిటికీ తలుపు తెరిచి, సగం బయటికి వంగి, "ఎక్కడికయ్యా?" అని కేకేసింది.

"పుంట్‌కే," అన్నాడు జాకెన్ ఆగి, మర్యాదగా టోపీ కాస్త ఎత్తి. "బటన్ దాకా వెళ్లా మెంగక్కా, నిజం. చెయ్యి కూడా పెట్టా. కానీ లోపల అరవై మంది దాకా ఉంటారు. వాళ్లందరికీ ఆలస్యం. ఒక్కడి కోసం రైలు ఆపడమెందుకని. నాకు కాళ్లున్నాయి గదా."

మెంగా కిటికీ మూసింది. గట్టిగానే మూసింది. వీళ్లని ఏమనాలి? చెడ్డవాళ్లా అంటే కాదు. ఎవరింట్లో ఆవు ఈనినా అర్ధరాత్రి లేచి వస్తారు. తిట్టడానికి ఒక్క తప్పు దొరకదు, అయినా వీళ్ల చేతిలో మనిషి మునిగిపోవడం ఖాయం.

ఇక ఎవర్నీ నమ్మేది లేదనుకుంది. ఆశ్రమానికి ఫోన్ చేసి, ఈ రోజు కాస్త ఆలస్యంగా వస్తాననీ, ఫ్లురిన్‌కి మధ్యాహ్నం ఎలాగోలా తినిపించమనీ నర్సుకి చెప్పింది. పన్నెండు పన్నెండుకి తనే బటన్ నొక్కి, తనే ఎక్కింది. మూడు. తొమ్మిది నిమిషాల్లో పుంట్. అక్కడ దిగి, పైకి వచ్చే రైలు కోసం పదిహేడు నిమిషాలు బెంచీ మీద కూర్చుంది. పన్నెండు నలభై ఏడుకి సుర్‌విల్‌లో దిగింది. నాలుగు. ఇలా తిరుగుతూ ఉంటే ఒక్క మనిషే చాలు, ఊరంతా ఎందుకు?

మళ్లీ ఒంటి గంట పన్నెండు దాకా ఇరవై ఐదు నిమిషాలుంది. ఆ కాస్త టైములో ఊరి ప్రెసిడెంటు టుమాష్ ఇంటి తలుపు కొట్టింది. టుమాష్ భోజనం బల్ల దగ్గర నుంచి నేప్‌కిన్‌తో లేచి వచ్చాడు.

"కాగితంలో నీ పేరు రెండుసార్లుంది. ఎనిమిది పన్నెండు, పది నలభై ఏడు. ఏమైంది?"

"దాని గురించే ఆలోచిస్తున్నా మెంగక్కా," అన్నాడు టుమాష్. ఆయన ఏ విషయమైనా ఆలోచిస్తూనే ఉంటాడు, మీనమేషాలు లెక్కపెట్టడంలో ఈ లోయలో ఆయన్ని మించినవాడు లేడు. "నాకు పుంట్‌లో పనేం లేదు. పని లేకుండా, లెక్క కోసమే రైలెక్కితే అది మోసం కాదా? వాళ్లు నిజాయితీగా లెక్కపెడుతున్నప్పుడు మనం నిజాయితీగా ఉండొద్దా?"

"నిజాయితీగా మా ఆయన్ని చంపుకోమంటావా?"

టుమాష్ మొహం పాలిపోయింది. "అలా అనకక్కా. రెండు గంటలకి అందర్నీ పిలుస్తా. మీటింగు పెడదాం."

మీటింగట. మెంగా తిరిగి ప్లాట్‌ఫారానికి నడిచింది. ఒంటి గంట పన్నెండుకి ఎక్కింది, ఐదు. ఒంటి గంట నలభై ఏడుకి దిగింది, ఆరు. వాన ఏమాత్రం తగ్గలేదు. కోటు లోపలి లైనింగు కూడా తడిసి వీపుకి అంటుకుంది.

పుంట్ బెంచీ మీద కూర్చోవడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఎదురుగా రోడ్డు, రోడ్డు అవతల ఆశ్రమం, రెండో అంతస్తులో ఎడమ నుంచి మూడో కిటికీ ఫ్లురిన్‌ది. యాభై అడుగుల దూరం. పదిహేడు నిమిషాలుంది, వెళ్లి చూసి రావచ్చుగా అంటే కుదరదు. వెళ్లి పక్కన కూర్చుందంటే ఆయన బాగున్న ఎడమ చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంటాడు. ఆ చెయ్యి విడిపించుకోవడానికి రోజూ అరగంట పడుతుంది, ఒక్కో రోజు ఆమెకే విడిపించుకోబుద్ధి కాదు. అందుకని ఆమె కిటికీ వంక చూడకుండా, పట్టాల వంక చూస్తూ కూర్చుంది. ఒడిలో సూప్ ఫ్లాస్కు చల్లారిపోతోంది. ఆయన దగ్గరికి వెళ్లే దారి నిలబెట్టుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్లకుండా కూర్చోవాల్సి వచ్చింది. ఈ ముక్క గుర్తొచ్చినప్పుడల్లా ఊరందర్నీ వరసగా నిలబెట్టి చెవులు మెలేయాలనిపించింది.

రెండు పన్నెండుకి ఏడు. రెండు నలభై ఏడుకి ఎనిమిది. రైలు దిగగానే ఆమె తిన్నగా చెక్క గదిలోకి వెళ్లి, నీళ్లు కారుతున్న కోటుతోనే మాడ్‌లైనా ముందు నిలబడింది.

"అయిపోయిందమ్మా. ఎనిమిది. ఇంక నువ్వు సర్దుకుని వెళ్లిపోవచ్చు."

మాడ్‌లైనా ట్యాబ్ చూసింది, మెంగాని చూసింది, మళ్లీ ట్యాబ్ చూసింది. "నాలుగండీ."

"ఏం నాలుగు?"

"ఒకే మనిషి కోసం ఆగితే, ఎక్కడం ఒకసారి, దిగడం ఒకసారి మాత్రమే లెక్కకొస్తుందండి. మీవి పన్నెండు పన్నెండు, పన్నెండు నలభై ఏడు వేశాను. తర్వాత నాలుగూ లెక్కలోకి రావు. రూల్ అది."

"మరి నేను రెండోసారి ఎక్కినప్పుడే చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదండీ." ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "మీకు నిజంగానే ఏదో పనుండి తిరుగుతున్నారేమో. అడక్కుండా రూల్ చెబితే, మీరు లెక్క కోసమే తిరుగుతున్నారని నేను అనుమానపడ్డట్టు ఉంటుందని..."

మెంగా బెంచీ మీద కూలబడింది. రెండున్నర గంటలు, తడి కోటు, చల్లారిన సూప్, యాభై అడుగుల దూరంలో ఆ కిటికీ. అరవడానికి కూడా ఓపిక లేక, "నువ్వు ఈ లోయ పిల్లవే," అంది. మాడ్‌లైనా అవునంది, వాళ్ల అమ్మమ్మది పక్క ఊరేనట.

మూడింటికి ఊరు మొత్తం నడుచుకుంటూ వచ్చింది. ముందు టుమాష్, వెనక నెసా, ఆల్బిన్, పుంట్ దాకా నడిచి వెళ్లి మళ్లీ నడిచే తిరిగొచ్చిన జాకెన్, ఇంకా ఇంటికి ఒకరో ఇద్దరో, మొత్తం పదహారు మంది. అందరి చేతుల్లో గొడుగులు, అందరి భుజాలకి సంచులు.

"మీటింగులో ఏకగ్రీవంగా తీర్మానించాం మెంగక్కా," అన్నాడు టుమాష్. ఎప్పుడూ లేనిది ఆయన కళ్లలో కాస్త వెలుగు కనిపించింది. "ఉత్తినే ఎక్కితే మోసం. అందుకని ప్రతి ఒక్కరం ఇంట్లో నిజంగా కావలసిన వస్తువు ఒకటి రాసుకున్నాం. నాకు తలుపు మడత బందులు కావాలి. నెసాకి దారం. జాకెన్‌కి ఎలుకల బోను. పుంట్‌లో కొనుక్కుని వస్తాం. మూడు పన్నెండుకి అందరం ఎక్కుతున్నాం."

ఒక్క క్షణం మెంగాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో క్షణంలో లెక్క తలకెక్కింది.

"అందరూ ఒకే రైలుకా?"

"అందరం కలిసే."

"టుమాష్, లెక్కపెట్టేది మనుషుల్ని కాదయ్యా, రైళ్లని. పదహారు మంది ఒకే రైలెక్కితే అది ఒక్కటి. సగం మంది నాలుగు పన్నెండుకి రండి."

టుమాష్ వెనక్కి తిరిగి అందర్నీ చూశాడు. అందరూ టుమాష్‌ని చూశారు. "కానీ తీర్మానం మూడు పన్నెండుకి కదా," అన్నాడాయన నీళ్లు నములుతూ. "మార్చాలంటే మళ్లీ చేతులెత్తాలి. పైగా నాలుగు పన్నెండుకి వెళితే, పాలు పితికే వేళకి రాలేం."

ఈలోగా పొద్దున జరిగిన పొరపాటు మళ్లీ జరగకూడదని ఒకరి తర్వాత ఒకరు వెళ్లి బటన్ నొక్కడం మొదలుపెట్టారు. పదహారు మందీ నొక్కారు. లైటు మొదటిసారికే వెలిగిందని మెంగా చెప్పినా ఎవరూ ఆగలేదు. రైలు ఆగింది. మాడ్‌లైనా ట్యాబ్ మీద ఒక్కసారి కొట్టింది. ఐదు.

మెంగా కూడా వాళ్లతో పాటు ఎక్కింది. ఇక తన ప్రయాణం లెక్కలోకి రాదు, పోయి ఫ్లురిన్ దగ్గర కూర్చుంటే ఆయనైనా ఇంత తింటాడు. కిటికీ అద్దం మీద వాన జారుతుంటే ఆమె వేళ్లు మడిచి చూసుకుంది. ఇంకా మూడు కావాలి. ఈ పదహారు మందీ తిరిగి రావాలి కదా. మూడు నలభై ఏడుకి కొందరు, నాలుగు నలభై ఏడుకి కొందరు, ఐదు నలభై ఏడుకి కొందరు దిగితే మూడు. సరిగ్గా సరిపోతుంది. సరిపోవాలంటే ఈ మనుషులు మూడు ముక్కలు కావాలి, ఆ పని దేవుడి వల్ల కూడా అయ్యేట్టు లేదు.

పుంట్ ప్లాట్‌ఫారం మీద దిగగానే రేకు కింద అందర్నీ ఆపి ఈ సంగతి చెప్పింది. అందరూ శ్రద్ధగా విన్నారు.

"మేం మూడు ముప్ఫై ఎనిమిదికే పోవాలక్కా, ఆవులున్నాయి," అన్నారు పది మంది. సుర్‌విల్‌లో మూడు నలభై ఏడుకి ఆగాల్సిన రైలు అదే. అందులో తప్పులేదు. వాళ్లని పొమ్మంది. వాళ్లతో ఆరవుతుంది.

మిగిలినవాళ్లు ఆరుగురు. ఆవులు లేనివాళ్లు, లేదా ఇంట్లో పితికేవాళ్లున్నవాళ్లు. నెసా, ఆల్బిన్, జాకెన్, టుమాష్, ఇంకో ముసలి జంట. వాళ్లు కూడా సంచులు సర్దుకుంటూ కదలబోయారు.

"మీరెక్కడికి? మీకు ఆవుల్లేవుగా."

"లేవనుకో," అన్నాడు ఆల్బిన్. "కానీ దారం కొనడానికి పది నిమిషాలు పడుతుంది. తర్వాత ఈ వానలో రెండు గంటలు పుంట్‌లో ఏం చేస్తాం? ఇక్కడ మాకేం పనుంది?"

"కాఫీ షాపులో ఉత్తినే కూర్చుంటే బాగోదు," అంది నెసా. "వేరేవాళ్లకి బల్ల కావాలేమో."

ఆ మాటతో మెంగాకి పొద్దుటి నుంచీ పళ్ల బిగువున ఆపుకున్నదంతా తెగిపోయింది. ఆమె అరవలేదు. గొంతు ఇంకా కిందికి దిగింది.

"అదిగో ఆ కిటికీ చూడండి. రెండో అంతస్తు, ఎడమ నుంచి మూడోది. చూడండి, సిగ్గుపడకండి. అక్కడ ఫ్లురిన్ ఉన్నాడు. మీ ఆరుగురి ఇళ్ల కప్పుల మీద రాతి పలకలు పేర్చింది ఆయనే. ఇంత వానలో మీ ఇళ్లల్లో ఒక్క చుక్క కారడం లేదు కదూ? రెండేళ్ల నాలుగు నెలలైంది ఆయన ఆ కిటికీ దగ్గర కూర్చుని. మీలో ఎవరొచ్చారు? ఒక్కరి పేరు చెప్పండి."

ఆరుగురూ కిటికీ వంక చూశారు.

"ఆయన అలసిపోతాడేమో అనీ..." అంది నెసా.

"నువ్వు తినిపించే వేళ అడ్డురావడమెందుకని," అన్నాడు ఆల్బిన్.

"మమ్మల్ని గుర్తుపట్టకపోతే ఆయనే చిన్నబుచ్చుకుంటాడు గదా," అన్నాడు జాకెన్. "అందుకని."

"మీ మర్యాదలో మన్నుపొయ్య," అంది మెంగా. "పొద్దున రైలు పోగొట్టింది ఈ మర్యాదే. మీరు నెలకోసారి, ఒక్కొక్కరు ఒక్కో రోజు ఆయన్ని చూడటానికి రైలెక్కి ఉంటే, ఆ పిల్ల మనూళ్లో కుర్చీ వేసుకుని కూర్చునేదే కాదు. నేనీ రోజు మూడుసార్లు ఈ బెంచీ మీద కూర్చుని, ఆయన దగ్గరికి పోకుండా వెనక్కి పోయాను. మీ కోసం కాదు. మీ వల్ల."

టుమాష్ బూట్ల వంక చూస్తూ ఆలోచించాడు. చివరికి, "చూడ్డానికి వెళ్లడం మోసం కిందికి రాదు," అన్నాడు మెల్లగా.

"రాదు," అంది మెంగా. "చేతులెత్తి తీర్మానం చేస్తారా?"

తమాషాకి అన్నది. వాళ్లు ఎత్తారు, ఆరుగురూ.

మూడు ముప్ఫై ఎనిమిదికి ఆవులవాళ్లు వెళ్లిపోయారు. మెంగా ముందుగా రోడ్డు దాటి ఆశ్రమం రెండో అంతస్తుకి వెళ్లింది. తలుపు దగ్గర నర్సు ఆమెని ఆపి, "ఏమైందమ్మా ఈ రోజు?" అంది. "మధ్యాహ్నం నుంచీ ఆయన కిటికీ దగ్గరే ఉన్నారు. మీరు బెంచీ మీద కూర్చోవడం చూశారు. 'అదిగో మెంగా' అన్నారు. మీరు రైలెక్కి వెళ్లిపోయారు. మళ్లీ వచ్చారు, మళ్లీ అన్నారు. మూడోసారి ఏమీ అనలేదు."

మెంగా లోపలికెళ్లి ఆయన ఎడమ చేతిలో తన చెయ్యి పెట్టింది. ఫ్లురిన్ ఆ చేతిని పట్టుకుని, తడిసిన ఆమె జుట్టు చూసి, "వానా?" అన్నాడు. ఆమె అవునంది. నర్సు సూప్ వేడిచేసి ఇస్తే చెంచాతో పట్టింది, ఆయన గిన్నెలో సగం పైన తాగాడు.

అరగంట కాగానే ముసలి జంట, నెసా వచ్చారు. నెసా గుమ్మం దగ్గర చెప్పులు మూడుసార్లు తుడుచుకుంది. మంచం అంచున కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక ఊళ్లో వానల గురించి, తన కోళ్ల గురించి, మళ్లీ వానల గురించి చెప్పింది. ఫ్లురిన్ ఆమెని గుర్తుపట్టలేదు, కానీ కోళ్ల గురించి రెండు ప్రశ్నలు వేశాడు. వాళ్లు నాలుగు ముప్ఫై ఎనిమిదికి వెళ్లారు. తర్వాత ఆల్బిన్, జాకెన్ వచ్చారు. జాకెన్ సంచిలోంచి ఎలుకల బోను తీసి చూపించాడు. ఫ్లురిన్ దాన్ని ఒంటి చేత్తో అటూ ఇటూ తిప్పి, స్ప్రింగు వదులుగా ఉందన్నాడు. నిజంగానే వదులుగా ఉంది. ఇద్దరూ ఐదు ముప్ఫై ఎనిమిది రైలుకి వెళ్లిపోయారు.

టుమాష్ మాత్రం గదిలోకి రాలేదు. నాలుగింటి నుంచీ వరండాలో కుర్చీలో కూర్చునే ఉన్నాడు. మెంగా రెండుసార్లు బయటికొచ్చి రమ్మంది. "ముందు వాళ్లని కానివ్వక్కా," అన్నాడు ఒకసారి. "ఒకేసారి ఎక్కువమంది ఎందుకు," అన్నాడు ఇంకోసారి. మూడోసారి ఆమె బయటికొచ్చేసరికి ఐదు యాభై. టుమాష్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"జాకెన్ మెసేజి పెట్టాడు. ఆగిందట. ఆ పిల్ల ఎనిమిది వేసిందట." ఫోన్ ఆమెకి చూపించాడు. "గండం గడిచిందక్కా. ఇంక రైలు ఎక్కడికీ పోదు."

మెంగా గోడకి ఆనుకుంది. పొద్దుటి నుంచి మోసిన బరువు దిగింది కానీ, దిగిన చోట సంతోషం రాలేదు, అలుపు వచ్చింది. టుమాష్ లేచి టోపీ చేతిలోకి తీసుకున్నాడు.

"మరి నే వెళ్లొస్తా. ఇప్పటికే నలుగురైదుగురు వచ్చారు, ఆయన అలసిపోయి ఉంటాడు. ఇంకో రోజు తీరిగ్గా..."

మెంగా ఆయన మోచెయ్యి పట్టుకుని, ఇంకో మాట అననివ్వకుండా లోపలికి లాక్కెళ్లి ఫ్లురిన్ ఎదురుగా నిలబెట్టింది. ఊరి ప్రెసిడెంటు, యాభై తొమ్మిదేళ్ల మనిషి, టోపీ రెండు చేతుల్లో పట్టుకుని బడిలో పాఠం రాని పిల్లాడిలా నిలబడ్డాడు.

ఫ్లురిన్ చాలాసేపు చూశాడు. "టుమాష్," అన్నాడు. ఈ రోజు ఊరి నుంచి వచ్చినవాళ్లలో ఆయన పేరుతో పిలిచింది ఇతన్నొక్కణ్నే. "ఎక్కడ కారుతోంది? ఉత్తరం వైపేనా?"

"కారడం లేదన్నా. చుక్క కూడా కారడం లేదు." టుమాష్ టోపీ అంచు తిప్పాడు. "ఊరికే వచ్చా. నిన్ను చూసి పోదామని."

"ఊరికేనా?"

"ముందే రావాల్సింది. ఎన్నోసార్లు అనుకున్నా. ఇక్కడిదాకా వచ్చి నీకు ఇబ్బంది కలిగించడం ఎందుకని..."

ఫ్లురిన్‌కి ఆ మాట అర్థం కాలేదు. గది అంతా ఒకసారి చూసుకున్నాడు. మంచం, కుర్చీ, కిటికీ. తర్వాత మెంగా వంక చూసి, ఇతను ఏమంటున్నాడో చెప్పమన్నట్టు మొహం పెట్టాడు. ఆమె టుమాష్‌నే అడగమన్నట్టు తల తిప్పింది. ఆయన మళ్లీ టుమాష్ వైపు తిరిగాడు.

"నాకేం ఇబ్బందిరా?" అన్నాడు. "నాకిక్కడ పనేముంది?"